ఇంటి సాలు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ మాట అన్నవాళ్లకు మా రత్నవ్వ తెలిసి ఉండదు. రత్నవ్వ నోరు మంచిదే. ఒకరిని తిట్టింది లేదు, ఒకరి మీద చాడీ చెప్పింది లేదు. కాకపోతే ఆ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మాత్రం దానికే ఊరు ఆమెను ఏం చేసిందో చెప్తాను.

ఆర్మూరులో పసుపు మార్కెట్టు దాటి వారపు అంగడి వైపు వస్తే, రోడ్డు వంపులో నా టైలరు దుకాణం. లేడీస్ టైలర్ అని బోర్డు ఉంటుంది, అక్షరాలు సగం వెలిసిపోయాయి. నా మిషనుకు ఎదురుగా, రోడ్డుకు అవతల కూరగాయల వరుస మొదలవుతుంది. అందులో మొదటి గోనెపట్టా రత్నవ్వది, దాన్నానుకుని రెండోది రామవ్వది. నేను ఏళ్ల తరబడి జాకెట్లకు కాజాలు కుడుతూ ఆ ఇద్దరినే చూస్తున్నాను. ఇద్దరిదీ వేల్పూర్ దారిలో ఒకటే ఊరు. ఊరి పేరు చెప్పను. ఆ ఊరి ఆడవాళ్లు సగం మంది నా దగ్గరే కుట్టించుకుంటారు, నా పొట్ట మీద నేనెందుకు కొట్టుకోవాలి.

రత్నవ్వకు అరవై దాటాయి. భర్త పెద్దులు వీపు మీద పంపు వేసుకుని ఊరి చేలన్నిటికీ పురుగుమందు కొట్టే కూలి. పొద్దున మూతికి తువ్వాల చుట్టుకుని పోయేవాడు. సాయంత్రం వచ్చాక స్నానం చేసేదాకా ఆమెను దగ్గరికి రానిచ్చేవాడు కాదు, మందు అంటుకుంటుందని. అంత ప్రేమ ఉన్న మనిషి ఆ బట్టలు మాత్రం ఆమె చేతే ఉతికించేవాడు. ఇద్దరికీ ఆ సంగతి తట్టనే లేదట. ఆయన గుండెపోటుతో పోయాడు. పిల్లల్లేరు, భూమి లేదు. అప్పటినుంచి తెల్లారగట్ల ఊళ్లో చేలమ్మట తిరిగి కూరగాయలు తీసుకుని, ఆటోలో ఆర్మూరు తెచ్చి అమ్ముకుంటోంది.

రామవ్వది ఆమె పక్కిల్లు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. రామవ్వ మొగుడు ముత్తెన్నకు బోరు కింద ఎకరం ఉంది, సగం పసుపు, సగం కూరగాయలు. రామవ్వ మాట్లాడే మనిషి కాదు. ఏమడిగినా ‘ఊఁ’ అంటుంది, మరీ ముఖ్యమైతే తల ఊపుతుంది. ఇద్దరి వాటా మాటలూ రత్నవ్వే మాట్లాడేది. మధ్యాహ్నం రెండు టిఫిన్ డబ్బాలూ ఒక్కసారే తెరిచి, ఒకరి కూర ఒకరు తీసుకుని తినేవారు. సొంత అక్కాచెల్లెళ్లు కూడా అట్లా తినగా నేను చూడలేదు.

ఒక వానాకాలం అంగడికి సౌమ్య అనే అమ్మాయి వచ్చింది. ఇక్కడే ప్రైవేటు స్కూల్లో టీచరు. తొలిచూలు, ఐదో నెల. రత్నవ్వ ముందు కూర్చుని వంకాయలన్నీ తిప్పి తిప్పి చూస్తోంది.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?" అంది రత్నవ్వ.

"పుచ్చులున్న కాయలు అవ్వా. పురుగు తిన్నదంటే మందు కొట్టనట్టే గదా. ఫోన్ల చూసిన."

రత్నవ్వ నవ్వింది. "పురుగు పడ్డంకనే గద బిడ్డా మందు కొట్టేది. పురుగు పొద్దుగాల తిన్నది, మందు మాపటీలి పడ్డది. పుచ్చును చూస్తే నీకేం ఎరుకైతది?"

"మరి ఎట్ల తెలుస్తది అవ్వా?"

తెలియదు బిడ్డా అని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. రత్నవ్వ అట్లా అనగలిగే మనిషైతే కదా.

"బెండకాయ ముచ్చట జెప్త ఇను. మందు కొట్టినంక కొన్ని దినాలు ఆగి కోయాలంటరు. గది రోజిడిచి రోజు కోయకుంటె ముదురుతది. ముదిరినకాయ ఎవలు కొంటరు? గందుకే మా ఊళ్లె ఎవలింట్ల తినేటందుకు వాళ్లు చేన్ల ఒక సాలు, ఒక వరుస, ఇడుస్తరు. దానికి మందు కొట్టరు. ఇంటి సాలు అంటరు దాన్ని. అంగడికొచ్చేటిది గది కాదు బిడ్డా."

సౌమ్య చేతిలో వంకాయ అట్లాగే ఉండిపోయింది. ఆ తర్వాత రెండో చెయ్యి పొట్ట మీదికి పోయింది. రత్నవ్వ అది చూసింది.

"నీకు నేను తెస్త తియ్యి. రామవ్వోళ్ల ఇంటి సాలుకెల్లి కోసుకొస్త. ఫికర్ జేయకు. ఏం చెల్లె?"

పక్కనుంచి రామవ్వ ‘ఊఁ’ అంది.

అప్పటినుంచి అంగడికల్లా సౌమ్య కోసం ఒక సంచి వేరేగా వచ్చేది. వంకర బెండకాయలు, గిడసబారిన వంకాయలు, చిల్లుల పాలకూర. సంచి ఇచ్చేటప్పుడు రత్నవ్వ ఊరికే ఇచ్చేది కాదు, పాఠం కూడా చెప్పేది. బయట ఎక్కడైనా కొంటే కోయకముందే కడగాలి, కోసినంక కాదు. పారే నీళ్ల కింద పెట్టి చేత్తో రుద్దాలి, ఊరికే ముంచి తీస్తే పోదు. ఉప్పు నీళ్లల్లో జరసేపు నానబెట్టాలి. గోబీగడ్డ, అదే క్యాబేజీ, పై ఆకులు పారెయ్యాలి, దోసకాయ పొట్టు తియ్యాలి. ఎంత కడిగినా కొంత లోపల ఉండనే ఉంటుంది, అందుకని రోజూ ఒకటే కూర తినొద్దు. టీచరమ్మ బుద్ధిగా తల ఊపేది. రోడ్డు ఇవతల మిషను ఆపి నేనూ వినేదాన్ని. ఇప్పటికీ మా ఇంట్లో అట్లాగే కడుగుతాను.

ఏడో నెలలో సౌమ్యను కాన్పుకు పుట్టింటివాళ్లు డిచ్‌పల్లి తీసుకుపోయారు. పోయేముందు ఆ అమ్మాయి ఒక పని చేసింది. ఇంటి సాలు సంగతి స్కూల్లో తోటి టీచర్లకు చెప్పింది. పాపం, మంచికే చెప్పింది. వాళ్లు ఫోన్లో గ్రూపులకెక్కించారు.

మరుసటి అంగడికి జనం సంచులు పట్టుకుని దిగారు. ప్రతి గోనెపట్టా దగ్గరా ఒకటే ప్రశ్న, ఇంటి సాలువి ఉన్నాయా అని. రిటైరైన ఆఫీసరొకాయన గోబీగడ్డ ఎత్తి పట్టుకుని, ఇది మీ ఇంట్లో తినేదేనా, పిల్లల మీద ఒట్టెయ్ అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ ఊరివాళ్లు ఆ ఊరివాళ్లే గతుక్కుమన్నారు. ఆ రోజు సాయంత్రం బుట్టలు తెచ్చినవి తెచ్చినట్టే ఆటోలెక్కాయి. ఎవరు చెప్పారని ఆరా తీయడం ఎంతసేపు? అంగడిలో అంత నోరు ఒక్కరికే ఉంది.

మా వైపు ఊళ్లలో ఊరి కమిటీ అంటే చిన్న విషయం కాదు. కులానికొక మనిషి కూర్చుంటాడు. వాళ్లు ఒక మాటంటే అది కట్టుబాటు. రత్నవ్వను పిలిపించారు. కమిటీ పెద్ద భీమ్‌రావు ఏమన్నాడో ఆమె నాకు పొల్లుపోకుండా చెప్పింది.

"నువ్వు అబద్ధమాడినవని నేనంటలేను రత్నవ్వా. ఇంట్ల ముచ్చట బజార్ల పెట్టినవ్. ఒక్క పుచ్చు కనబడితే బుట్టంత ఎనుకకు నూకేది ఎవలు? గా పట్నపోళ్లే. మందు కొట్టకుంటె కొనరు, కొడితె తినరు. మేమేం జేయాలె, చెప్పు."

భీమ్‌రావు మాటలో తప్పు నాకూ దొరకలేదు. నేను మాత్రం? టమాటలు నున్నగా ఎర్రగా ఉన్నవే ఏరుకుంటాను. కాని ఆ తర్వాత వాళ్లు చేసిందానికి మాత్రం నా ఒళ్లు మండింది.

రత్నవ్వతో ఊళ్లో ఎవరూ మాట్లాడొద్దు. ఆమెకు కాయ అమ్మొద్దు, ఆటోలో ఎక్కించుకోవద్దు. మాట్లాడితే దండుగ కట్టాలి. ఊరందరి ముందు నిలబడి, ఇంటి సాలు అనేది లేదు, నేను అబద్ధం చెప్పిన, అని ఆమె ఒప్పుకునేదాకా ఇంతే. గుడి మైకులో చెప్పించారు. పసుపు చేలు నడుమెత్తు పెరిగి, ఊరంతా పచ్చగా ఉన్న రోజులవి.

"గట్ల బహిష్కరిస్తే కేసైతది రత్నవ్వా, ఠాణాల చెప్పు," అన్నాను నేను.

"చెప్త. పోలీసోళ్లొచ్చి బెదిరిస్తరు. బెదిరిస్తె మాట్లాడే మాట నాకెందుకు టైలరమ్మా?"

"అయితే అబద్ధమని ఒప్పుకో. ఒక్క మాటే గదా."

"ఉన్నదాన్ని లేదని ఎట్లంట? పెద్దులు పంపు వేసుకుని సాలెంబడి పోతుంటె, గా ఒక్క సాలు ఇడిచిపెట్టు అని ముత్తెన్న చెయ్యెత్తి చూపిచ్చేటోడు. నేను కండ్లార చూసిన."

రామవ్వ గోనెపట్టా వరుస చివరికి పోయింది. ముత్తెన్నే మార్పించాడు. రత్నవ్వ పక్కన ఖాళీ జాగా అట్లాగే ఉండేది, ఊరివాళ్లెవరూ అక్కడ కూర్చునేవారు కాదు. ఆమె పొద్దున్నే బస్సు దొరికేదాకా నడిచి, ఆర్మూరు టోకు మార్కెట్టులో బుట్టలు కొనుక్కుని కూర్చునేది. ఎక్కడెక్కడినుంచో లారీలలో వచ్చిన సరుకు. ఇది ఎప్పుడు కోసిందవ్వా, ఏం కొట్టిండ్రవ్వా అని ఎవరైనా అడిగితే, "నాకు తెల్వది బిడ్డా" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించేది. అడిగేవాళ్లు కూడా మెల్లగా తగ్గిపోయారు.

ఇంటికి పోతే ఇంకా కష్టం. గోడ అవతల రామవ్వ గిన్నెలు కడిగిన చప్పుడు, దగ్గు, టీవీ, అన్నీ వినిపిస్తాయి. ఆ గోడతోనే ఇన్నేళ్లు, చెల్లె ఉప్పుందా, చెల్లె పొయ్యి మీద ఏం పెట్టినవ్, అని కేకేసిన మనిషి. ఇప్పుడు కేకేస్తే టీవీ సౌండు పెరిగేది. ఫోన్లో బ్యాలెన్సు అయిపోయిందని చెప్పే ఆడగొంతు ఉంటుంది కదా, దానికి "మంచిదమ్మా" అని జవాబిచ్చేదట. ఆ సంగతి నాకు నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

మాట్లాడటానికి ఆమెకు మిగిలింది నేను. కట్టుబాటు ఊరివాళ్లకే కాని నాకు లేదు. మధ్యాహ్నం బేరం సన్నగిల్లగానే రోడ్డు దాటి వచ్చేది. ఉత్త చేతులతో వస్తే బాగుండదని చిరిగిన జాకెట్టు ఒకటి పట్టుకొచ్చేది. మొదట్లో నేను గమనించలేదు. ఆ తర్వాత ఒకనాడు చూస్తే చంకలో కుట్టు చిరిగింది కాదు, బ్లేడుతో విప్పింది. దారం ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. పోయిన వారం నేను వేసిన కుట్టే అది. కుట్టిచ్చాను. మళ్లీ వారం ఇంకో చంక విప్పి తెచ్చింది. నేను సన్నగా కాకుండా, ఈసారి తేలిగ్గా విప్పుకోవడానికి వీలుగా దూరం దూరం కుట్టు వేశాను. దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే, కాని ఏం చేయను.

పసుపు తవ్వి ఉడకేసే రోజులు వచ్చాయి. రామవ్వకు జ్వరం పట్టుకుంది. గోడ అవతల మూలుగు వినిపిస్తుంటే రత్నవ్వ ఆగలేకపోయింది. మిరియాల కషాయం కాచి గిన్నె కొంగుతో పట్టుకుని వాళ్ల గడప దాకా పోయింది. ముత్తెన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నోరు తెరవలేదు, తల మాత్రం అడ్డంగా ఊపాడు. అటూ ఇటూ గుమ్మాల్లో మనుషులు చూస్తున్నారు. లోపలినుంచి రామవ్వ, ఎవరొచ్చారని అడిగిందట. ముత్తెన్న, ఎవలు లేరు అన్నాడట.

"గా కషాయం నేనే తాగిన టైలరమ్మా," అంది మర్నాడు. చేతిలో జాకెట్టు లేదు. "ఎవలు లేరన్నడు. నేను గడపకాడ నిలబడంగ, నా ముంగటనే అన్నడు."

నేను మిషను ఆపాను.

"నేను చచ్చిపోతె గూడ రామవ్వ రాదు. గోడవతల ఉండి ఇంటది, గంతే. రేపు పోయి అబద్ధమని చెప్త."

"చెప్పు," అన్నాను. "నీ ఒక్క అబద్ధంతోటి ఎవరి కొంపా మునగదు."

మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె ఒక్కతే అట్లా కూర్చోవడం చూడటం నావల్ల కూడా కావడం లేదు.

ఊరందరి ముందు నిలబడింది. ఇంటి సాలు ఉన్నదా లేదా అని భీమ్‌రావు అడిగాడు. లేదు, అబద్ధం చెప్పిన, తప్పయింది, అంది రత్నవ్వ. కమిటీవాళ్ల ఇళ్లల్లో ఏ సాలు కూర ఉడుకుతోందో ఆమెకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. భీమ్‌రావు తన చేత్తోనే చాయ్ కప్పు అందించాడు. అది తాగితే కట్టుబాటు తీరినట్టు.

ఆ సాయంత్రమే రామవ్వ గిన్నెలో బెండకాయ కూర పట్టుకుని గడప దాటి వచ్చింది. జ్వరానికి మనిషి సగమైంది. పక్కన కూర్చుని, "తిను అక్కా" అంది. అన్ని నెలల తర్వాత రామవ్వ నోట విన్న మొదటి మాట అదేనట. రత్నవ్వ ఏడుస్తూనే తింది. సగం తిన్నాక అలవాటు కొద్దీ అడిగింది, ఏ సాలుదే అని. రామవ్వ గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఇంటి సాలుదే" అంది. ఇద్దరూ నవ్వుకున్నారట.

రామవ్వ గోనెపట్టా మళ్లీ మొదటి జాగాకు వచ్చింది. డబ్బాలు మళ్లీ ఒక్కసారే తెరుచుకున్నాయి. రత్నవ్వ నా దుకాణం మొహం చూడటం మానేసింది. కొంచెం కోపం వచ్చిన మాట నిజమే, కాని ఆమె చల్లగా ఉంటే చాలులే అనుకున్నాను.

ఎండలు ముదిరాక ఒక అంగడి రోజు సౌమ్య వచ్చింది. చంకలో బాబు. పుట్టింట్లో ఉండి వచ్చింది, ఊరి గొడవ ఒక్క ముక్క కూడా తెలియదు. మొహం ఇంత చేసుకుని రత్నవ్వ ముందు కూర్చుంది.

"గుర్తుపట్టినవా అవ్వా? వీడే. నువ్వు తెచ్చిన కూరలు తిని పుట్టినోడు."

రత్నవ్వ బాబును ఒళ్లోకి తీసుకుంది. వాడు ఆమె ముక్కుపుడక పట్టుకుని లాగుతుంటే మురిసిపోయింది.

"ఎల్లుండి అన్నం ముట్టిస్తున్నం. మొదట మన ఇంటి సాలు కూరనే మెత్తగ ఉడికించి పెడ్త అనుకున్న. తెస్తవా?"

వరుస మొత్తం ఆగిపోయింది. భీమ్‌రావు మరదలు తక్కెడ చేతిలో పట్టుకుని అట్లాగే ఇటు చూస్తోంది. రామవ్వ తన బుట్టలోని కాయల్ని సర్దుతోంది, సర్దినవాటినే మళ్లీ సర్దుతోంది. నేను మిషను మీదినుంచి కాలు తీశాను.

"గసుంటిదేం లేదు బిడ్డా," అంది రత్నవ్వ. "నేను ఉత్తగనే అన్న."

సౌమ్యకు అర్థం కాలేదు. "మరి నాకిచ్చినవి?"

"అవి గూడ అంగడికొచ్చేటియే."

సౌమ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేతులు చాపి బాబును రత్నవ్వ ఒళ్లోంచి తీసుకుంది.

"కడుపుతోటి ఉన్నదాన్ని అవ్వా నేను," అంది. ఆ ఒక్క మాటే అని లేచి నడిచింది.

"బిడ్డా, సొరకాయ పెట్టు," అని వెనకనుంచి రత్నవ్వ కేకేసింది. "పొట్టు మందంగ తియ్యి. కోయకముందే కడుగు బిడ్డా, ఉప్పు నీళ్లల్ల..."

సౌమ్య వెనక్కి చూడలేదు. అబద్ధాలకోరు చెప్పే జాగ్రత్తలు ఎవరు వింటారు? ఆ తర్వాత ఆ అమ్మాయి ఇటువైపు రాలేదు. ఇప్పుడు సూపర్ మార్కెట్టులో ప్లాస్టిక్ కవరు చుట్టిన కూరగాయలు కొంటోందని ఎవరో అన్నారు. వాటికి ఏం కొట్టారో చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు.

వారం తర్వాత రత్నవ్వ రోడ్డు దాటి వచ్చింది. చేతిలో జాకెట్టు. చంకలో కుట్టు విప్పి ఉంది.

"ఇప్పుడు ఊరంత మాట్లాడుతుంది గదా," అన్నాను, కొంచెం ఎత్తిపొడుపుగానే.

ఆమె స్టూలు మీద కూర్చుంది. కూర్చోగానే మాటలు మొదలుపెట్టే మనిషి, కింద పడ్డ దారం ముక్కలు ఏరుతూ ఉండిపోయింది. నేను దారం ఎక్కించి, కుట్టు సగం దాకా వచ్చాను.

"గా పిల్లకు నేనిచ్చినయి ఇంటి సాలువే టైలరమ్మా," అంది.

"నాకు తెలుసు రత్నవ్వా. నేను పోయి చెప్పనా ఆమెకు?"

"వద్దు. మల్ల ఊరికి ఎరుకైతది. రామవ్వతోటి మాట పోతది." కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకైన ఎరుకుండాలె అని చెప్తున్న."

కుట్టు పూర్తి చేసి జాకెట్టు మడిచి ఇచ్చాను. అవతలినుంచి రామవ్వ, "అక్కా, అన్నం తిందాం రా," అని పిలిచింది. వస్తున్న చెల్లె, అంటూ రత్నవ్వ రోడ్డు దాటి పోయింది.